మూత్రాశయ క్యాన్సరు – తొలిదశలో కొత్త మందులు

(సంఘం ఏర్పాటు చేసిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి సాహెబ్ నన్ను షుగరు గురించో, గుండె జబ్బు గురించో మాట్లాడమంటారనుకున్నాను. ఆయన మూత్రాశయ క్యాన్సరు గురించి చెప్పమన్నారు. మన సహాయ నిధికి వచ్చిన దరఖాస్తులలో ఈ జబ్బువి కూడా వున్నాయట. ఆ కుటుంబాలవారు, "ఏవో కొత్త మందులు వచ్చాయంటున్నారు, అవి వాడితే మూత్రాశయం తీసేయనక్కరలేదంటున్నారు, నిజమేనా?" అని అడుగుతున్నారట. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు మాటలు. నేను సర్జనును కాను. మందుల తయారీ, పరిశోధన రంగంలో పనిచేసినవాణ్ణి. అంచేత ఆపరేషను సంగతి క్లుప్తంగా చెప్పి, మందు ఎలా పుట్టింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది కాస్త విస్తరించి చెబుతాను.

మూత్రాశయం అంటే మన పల్లెల్లో ఉచ్చబుడ్డ అంటారే, ఉర్దూలో మసానా, అదే. పొత్తికడుపులో కండతో చేసిన తిత్తి. దాని లోపలి గోడకు పలుచని పొర వుంటుంది. క్యాన్సరు సాధారణంగా ఆ పొరలోనే పుడుతుంది. అది కండలోకి దిగనంతవరకు తొలిదశ అంటారు. మంచి మాట ఏమిటంటే, ఈ జబ్బు బయటపడినవారిలో నూటికి 70, 75 మంది ఈ తొలిదశలోనే వుంటారు. చెడ్డ మాట ఏమిటంటే, తీసేసినా మళ్ళీ మళ్ళీ మొలిచే గుణం దీనికి చాలా ఎక్కువ. తొలిదశలోనే ఇంకో రకం వుంది. అది గడ్డలా పైకి లేవదు, పొరలోనే చదునుగా నాచులా పరుచుకుంటుంది. చూపుకు చిన్నదిగా కనిపించినా స్వభావంలో ఉగ్రమైనది. కొత్త మందుల కథ ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతుంది కనుక దీన్ని గుర్తుంచుకోండి. నేను దీన్ని "చదును రకం" అంటాను.

గుర్తు ఒక్కటే ముఖ్యం. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం. ఒకసారి పడి, నెల రోజులు మళ్ళీ కనిపించకపోవచ్చు. ఇక్కడే మనం మోసపోతున్నాం. ఎర్రగా పడగానే "వేడి చేసింది" అంటాం, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగుతాం. రెండు రోజులకు రంగు తేటపడుతుంది, బార్లీ నీళ్ళు పనిచేశాయని సంతోషిస్తాం. అది దానంతటదే ఆగింది, బార్లీ గొప్పతనం కాదు. ఆడవాళ్ళయితే నెలసరి అనో, ఇన్ఫెక్షను అనో సరిపెట్టుకుంటారు, మగ డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడతారు. అందువల్ల వారిలో జబ్బు ఆలస్యంగా బయటపడటం లోకమంతటా వున్న సంగతే. మన పాత హకీములు రోగి రాగానే ఖారూరా తెప్పించి, సీసాలో మూత్రం రంగు చూసేవారు. వారి మందులు ఎలా వున్నా, మూత్రం రంగును తేలికగా తీసుకోకూడదన్న జాగ్రత్త మాత్రం గట్టిది.

రక్తం పడితే డాక్టరు స్కానింగు చేయించి, సన్నని దుర్బిణీ గొట్టంతో లోపలికి చూస్తాడు. గడ్డ వుంటే మూత్రమార్గం గుండానే పరికరం పంపి గోకి తీసేస్తాడు. కడుపు కోయరు. ఆ ముక్క పరీక్షకు వెళుతుంది. ఉగ్రత లేని చిన్న గడ్డయితే ఆ పూటే ఒక మందు లోపల పోసి పంపేయవచ్చు. ఉగ్రమైనదయితే, చదును రకమయితే, అక్కడ బి.సి.జి. వస్తుంది.

బి.సి.జి. అంటే మీకందరికీ తెలిసిన మందే. మీ పిల్లల భుజం మీద చిన్న మచ్చ వుంటుంది చూడండి, ఆ క్షయ టీకాయే. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పశువుల క్షయక్రిమిని 1908 నుంచి 13 ఏళ్ళపాటు 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని కాఠిన్యం పోగొట్టి, 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. మన దేశంలో 1948లో మద్రాసు గిండీలో దీని తయారీకి లాబొరేటరీ పెట్టారు. క్షయకు కనిపెట్టిన టీకాకూ మూత్రాశయంలో క్యాన్సరుకూ సంబంధం ఏమిటి? ఈ ప్రశ్న డాక్టర్లకే వింతగా వుండేది. క్రిమి వచ్చి పడినప్పుడు శరీరం తన సైన్యాన్నంతా ఆ చోటికి పంపుతుంది, ఆ దాడిలో పక్కనున్న క్యాన్సరు కణాలు కూడా చస్తాయి అన్న ఆలోచన జంతువుల మీద ప్రయోగాలలో నిజమని తేలింది. అయితే క్రిమి గడ్డకు నేరుగా తగలాలి. అలా మందు పోసి, కదలకుండా వుంచడానికి మూత్రాశయం కంటే అనువైన పాత్ర శరీరంలో మరొకటి వుందా?

కెనడాలో కింగ్‌స్టన్ నగరంలో అల్వారో మొరాలెస్ అనే డాక్టరు ఈ పని చేశాడు. 1976లో ఆయన ప్రకటించిన వ్యాసంలో రోగులు 9 మంది మాత్రమే. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు సన్నని గొట్టం ద్వారా బి.సి.జి. లోపల పోశాడు. ఆరే ఎందుకు? ఏదో గొప్ప లెక్క వుంటుందనుకుంటాం. ఆ రోజుల్లో ఆ టీకా పెట్టెలో ఆరు సీసాలు వచ్చేవి, అంతే! మందు పోసిన బాధ వారంలోపల తగ్గిపోయేది కనుక వారానికొకటి. ఆ ఆరు వారాల పద్ధతే నేటికీ లోకమంతా నడుస్తున్నది. మందుల రంగంలో ఇటువంటి సంగతులు కొన్ని వున్నాయి, ఇది మాత్రం నాకు చాలా ఇష్టమైనది. తరువాత అమెరికాలో డొనాల్డ్ లామ్ 1980లో రెండు జట్లను పోల్చి దీని గుణం చూపించాడు. 1990లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. మొదటి ఆరు వారాలతో ఆపకుండా మూడేళ్ళపాటు మధ్య మధ్య మూడేసి వారాలు ఇస్తే, జబ్బు తిరగబెట్టకుండా వుండే కాలం సుమారు 36 నెలల నుంచి 77 నెలలకు పెరిగిందని 2000లో తేలింది.

కాబట్టి డాక్టరు "ఇంకా మూడు పోయాలి, ఇంకా మూడు పోయాలి" అంటే డబ్బుకోసం అంటున్నాడనుకోకండి. మధ్యలో మానేసినవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు. మంట, మాటిమాటికీ మూత్రం రావటం, ఒకటి రెండు రోజులు నలతగా వుండటం మామూలే. చలితో ఎక్కువ జ్వరం వచ్చి తగ్గకపోతే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అది బతికున్న క్రిమి. మందు పోసిన రోజు ఇంటికి వచ్చాక ఆరు గంటలపాటు మగవారు కూడా కూర్చునే మూత్రం పోయాలి (మనకది కొత్త కాదు), దొడ్డిలో బ్లీచింగు పోసి పావుగంట వుంచి నీళ్ళు వదలాలి.

చదును రకంలో బి.సి.జి. వల్ల నూటికి సుమారు 70 మందికి జబ్బు మాయమవుతుంది. కాని వారిలో కొందరికి మళ్ళీ వస్తుంది. ఇది పనిచేయని వారికి దశాబ్దాలపాటు దారి ఒక్కటే వుండేది. మూత్రాశయం మొత్తం తీసేయడం. మగవారికి దానితోపాటు ప్రొస్టేటు, ఆడవారికి చాలాసార్లు గర్భసంచీ కూడా పోతాయి. చిన్నపేగు ముక్కతో దారి కట్టి, పొట్టమీద రంధ్రం పెట్టి, ప్లాస్టిక్ సంచీ తగిలిస్తారు. కొందరికి పేగుతోనే లోపల కొత్త తిత్తి కుడతారు. ప్రాణం నిలిపే ఆపరేషనే, దాన్ని నేను తక్కువ చేయటం లేదు. జబ్బు కండలోకి దిగితే అదే సరైన వైద్యం, వాయిదా వేస్తే ప్రాణం పోతుంది. కాని 75 ఏళ్ళ మనిషికి, గుండె బలహీనంగా వున్న మనిషికి ఆ ఆపరేషను తట్టుకోవటం కష్టం.

మనవారిలో ఇంకో భయం వుంది, పైకి చెప్పరు. "సంచీలోకి మూత్రం నిరంతరం కారుతూ వుంటే నాకు వుజూ ఎలా నిలుస్తుంది, నమాజు ఎలా?" అని. ఈ భయంతో ఆపరేషనే వద్దన్నవారు వున్నారు. నేను ఆలిమును కాను. అయితే ఫిఖ్హ్ గ్రంథాలలో మాజూర్ అనే ప్రకరణం ఇటువంటివారి కోసమే వున్నది. మూత్రం ఆగకుండా కారే మనిషి ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకుని నమాజు చదువుకోవచ్చునని హనఫీ ఉలమాలు చెబుతారు. వివరాలు ముఫ్తీ సాహెబును అడగండి. ఆ భయంతో మాత్రం ప్రాణం పోగొట్టుకోవద్దు. రంజానులో గొట్టం పరీక్ష, మందు పోయించుకోవటం వస్తే కూడా డాక్టరునూ ముఫ్తీ సాహెబునూ ఇద్దరినీ అడిగి నడుచుకోండి. రోగికి ధర్మం సడలింపు ఇచ్చింది.

సరే, కొత్త మందులకు వద్దాం. బి.సి.జి. విఫలమయినవారికి 1998లో వాల్రుబిసిన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. అయిదుగురిలో ఒకరికి మాత్రమే పనిచేసింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఏమీ లేదు. ఎందుకు లేదు? మందును పరీక్షించే పద్ధతే అడ్డు. మామూలుగా కొత్త మందు ఒక జట్టుకు, పాత మందు రెండో జట్టుకు ఇచ్చి పోలుస్తారు. ఇక్కడ రెండో జట్టుకు ఇవ్వటానికి పాత మందే లేదు. "నీకు ఉత్త నీళ్ళు పోస్తాం" అంటే ఏ రోగి ఒప్పుకుంటాడు? మనస్సాక్షి వున్న ఏ డాక్టరు పోస్తాడు? 2018లో అమెరికా ఔషధ సంస్థ ఒక మార్గం చూపింది. చదును రకం దానంతటది పోదు, గోకినా పూర్తిగా రాదు. కాబట్టి మందు పోసిన తరువాత అది మాయమైతే ఆ ఘనత మందుదే. అంచేత ఒకే జట్టు రోగులకు ఇచ్చి, ఎంతమందికి పూర్తిగా మాయమయింది, ఎంతకాలం మాయమయి వుంది అన్నది చూపిస్తే చాలు అన్నారు. దానితో తలుపు తెరుచుకుంది.

2020 జనవరిలో పెంబ్రోలిజుమాబ్ వచ్చింది. ఇది మూడు వారాలకొకసారి నరానికి ఎక్కించే మందు. క్యాన్సరు కణం మన రక్షక కణాల కళ్ళకు గంతలు కడుతుంది, ఈ మందు ఆ గంతలు విప్పుతుంది. 96 మందిలో నూటికి 41 మందికి జబ్బు మాయమయింది. అయితే రక్షక కణాలు విజృంభించి థైరాయిడు మీద, పేగుల మీద పడే ప్రమాదం వుంది. 2022 డిసెంబరులో వచ్చిన ఆడ్స్‌టిలాడ్రిన్ తమాషా అయినది. జలుబు తెచ్చే వైరసును నిర్వీర్యం చేసి, దానిలో ఇంటర్‌ఫెరాన్ తయారు చేసే జన్యువు పెట్టి మూడు నెలలకొకసారి మూత్రాశయంలో పోస్తారు. అప్పుడు ఆ పొరలోని కణాలే మందు తయారు చేసే కర్మాగారాలవుతాయి. 98 మందిలో నూటికి 51. 2024 ఏప్రిల్లో వచ్చిన ఆంక్టివా బి.సి.జి.తో కలిపి పోసేది, రక్షక కణాలను పెంచే మన శరీరపు సందేశ పదార్థానికి మెరుగు పెట్టిన రూపం. 77 మందిలో నూటికి 62.

2025 సెప్టెంబరులో వచ్చినది ఇన్‌లెక్జో. దీని మందు కొత్తది కాదు, జెమ్‌సిటాబిన్ అనే పాత క్యాన్సరు మందే. మనం లోపల పోసే మందు ఏదైనా రెండు గంటలకు మూత్రంతో బయటికి పోతుంది. ఆ రెండు గంటలను మూడు వారాలు చేయటం ఎలా అని ఆలోచించారు. సన్నని గొట్టంలో మందు నింపి లోపలికి పంపుతారు. లోపలికి వెళ్ళగానే అది జంతికలా మెలి తిరిగి, మూత్రంతో జారిపోకుండా నిలిచి, మూడు వారాలు కొద్దికొద్దిగా మందు వదులుతుంది. 83 మందిలో నూటికి 82 మందికి జబ్బు మాయమయింది. నా మట్టుకు నాకు, కొత్త అణువు కనిపెట్టటం కంటే పాత అణువును నిలిపి వుంచటం కనిపెట్టినవాడే ఎక్కువ తెలివైనవాడు అనిపిస్తుంది. ఉగ్రత లేని గడ్డలు మళ్ళీ మళ్ళీ మొలిచేవారికి అదే ఏడు జూనులో మరొకటి, జస్డూరి, వచ్చింది. చల్లగా వుంటే నీరు, ఒంటి వేడికి జిగురుగా గట్టిపడి మందును పట్టి వుంచుతుంది. మూడు నెలలకు నూటికి 78 మందికి గడ్డలు పోయాయి. అయితే అంతకు ముందు నెలలో సలహా సంఘంలో అయిదుగురు వద్దని, నలుగురు కావాలని వోటు వేశారు. ఇటువంటి గడ్డలను గోకి తీసినా పోతాయి గదా, పోల్చి చూడకుండా మందు ఎంత మేలో ఎలా చెబుతాం అన్నది వద్దన్నవారి సందేహం. అది న్యాయమైన సందేహమే.

ఇప్పుడు మీరు 41, 51, 62, 82 అని వరుసగా రాసుకుని, చివరిది మొదటిదానికి రెట్టింపు మంచిది అనుకుంటారు. మందుల ప్రతినిధులు కూడా అలాగే చెబుతారు. అది పొరపాటు. ఇవి వేరు వేరు రోగుల మీద, వేరు వేరు ఏళ్ళలో చేసిన పరీక్షలు. ఒకదానితో ఒకటి పోటీ పెట్టలేదు. రెండో సంగతి, మాయమవటం వేరు, మాయమయి వుండటం వేరు. ఇన్‌లెక్జోతో జబ్బు మాయమయినవారిలో ఏడాది దాటినా తిరిగి రానివారు నూటికి 51. ఆడ్స్‌టిలాడ్రిన్‌తో 46. అంటే మందుతో బాగయినవారిలో సుమారు సగం మందికి ఏడాదిలోపల మళ్ళీ వచ్చిందన్నమాట. "ఎంతమందికి తగ్గింది?" అని అడిగిన వెంటనే "ఎన్నాళ్ళు?" అని అడగండి. మూడోది, మందు పనిచేయటం లేదని తేలాక కూడా ఇంకో మందు, ఇంకో మందు అంటూ కాలం గడిపితే జబ్బు కండలోకి దిగుతుంది. అప్పుడు మూత్రాశయం కాపాడుకుందామని మనిషినే పోగొట్టుకుంటాం. ఎక్కడ ఆగాలి అన్నది మొదటే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ప్రయోగాలలో చేరమంటే మనవారు భయపడతారు. "మమ్మల్ని ఎలుకల్లా వాడతారా?" అంటారు. భయానికి కారణాలు లేకపోలేదు. అందుకే 2019లో మన దేశంలో కొత్త ఔషధ ప్రయోగాల నిబంధనలు వచ్చాయి. నైతిక సంఘం అనుమతి వుండాలి, రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలి, చదువురానివారికి నిష్పాక్షికమైన సాక్షి వుండాలి, హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఏ రోజైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. ప్రతి ప్రయోగం ప్రభుత్వ రిజిస్టరులో నమోదు కావాలి. నమోదు నంబరు అడగండి, తెలుగులో గాని ఉర్దూలో గాని వున్న కాగితం అడగండి, ఇంటికి తెచ్చుకుని చదువుకున్న చిన్నవాడి చేత చదివించుకుని తరువాత సంతకం పెట్టండి. మొరాలెస్ దగ్గర గొట్టం వేయించుకున్న ఆ 9 మంది కూడా మనలాంటి మామూలు మనుషులే.

ధర మాట. పేరు చెప్పిన కొత్త మందులు లక్షలతో కూడినవి. మన నిధి మొత్తం ఒక్కరికి పెట్టినా చాలదు. అందుకని చేతులు ముడుచుకోనక్కరలేదు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూటు మూత్రాశయానికి వాడే బి.సి.జి.ని తయారు చేస్తున్నది. ఇదేమంత చిన్న సంగతి కాదు. 2012లో కెనడాలో ఒక పెద్ద కర్మాగారంలోకి నీరు చేరి తయారీ ఆగిపోతే అమెరికాలోనే ఏళ్ళ తరబడి బి.సి.జి.కి కరువు వచ్చింది, సీసా మందును ముగ్గురికి పంచి పోసిన ఆస్పత్రులు వున్నాయి. నెమ్మదిగా పెరిగే క్రిమి అది, తొందరపెడితే పెరగదు. అంచేత బి.సి.జి. ఆరు, ఆపైన మూడేసి పూర్తిగా వేయించటానికి, గొట్టం పరీక్షలకు సహాయం చేస్తే అదే పెద్ద మేలు. మొదటి రెండేళ్ళు మూడు నెలలకొకసారి ఆ పరీక్ష తప్పదు. రోగి పల్లె నుంచి పట్నానికి రావటానికి బస్సు చార్జీలు, వెంట వచ్చే మనిషి కూలి పోవటం, ఇవి మందు ఖర్చంత భారం. దరఖాస్తు ఫారంలో మందుల బిల్లులకే గడి వుంది, దారి ఖర్చులకు కూడా ఒక గడి పెట్టాలని కార్యదర్శి సాహెబుకు నా మనవి.

పొగ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. మూత్రాశయ క్యాన్సరులో దాదాపు సగం పొగవల్ల వచ్చేదే. సిగరెట్టు గాని బీడీ గాని, పొగ ఊపిరితిత్తులలోకి పోతే మూత్రాశయానికి ఏమయింది అంటారు. పొగలోని విషాలు రక్తంలో కలుస్తాయి, మూత్రపిండాలు వాటిని వడగట్టి మూత్రంలోకి తోస్తాయి, ఆ మూత్రం గంటల తరబడి ఆ పలుచని పొరను తడుపుతూ కూర్చుంటుంది. ఆ విషాలలో కొన్ని రంగుల కర్మాగారాలలో వాడిన రసాయనాల జాతివే. జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జను 1895లోనే రంగుల పనివారిలో ఈ జబ్బును గుర్తించాడు. జబ్బు వచ్చాక కూడా పొగ మానకపోతే తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది. భార్య గాజులు అమ్మి బి.సి.జి. వేయిస్తుంటే ఆస్పత్రి గేటు బయట బీడీ ముట్టించే మనిషికి ఏం చెప్పాలో నాకు తెలియదు, ఆ ఇంటి పిల్లలే చెప్పాలి.

ఇంకొక్క మాటతో ముగిస్తాను. నాకు అన్నిటికంటే ఆశ కలిగిస్తున్నది ఖరీదైన మందు కాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం డాక్టర్లు జెమ్‌సిటాబిన్, డోసెటాక్సెల్ అనే రెండు పాత మందులను ఒకదాని తరువాత ఒకటి మూత్రాశయంలో పోయటం మొదలుపెట్టారు. రెండూ పేటెంటు తీరిపోయినవి, మన హైదరాబాదు కంపెనీలు కూడా తయారు చేస్తున్నవి. బి.సి.జి. విఫలమయిన 276 మంది లెక్కలు 2020లో ప్రకటించారు. ఏడాదికి నూటికి 60 మంది, రెండేళ్ళకు 46 మంది జబ్బు తిరగబెట్టకుండా వున్నారు. ఇది గడిచిన కేసుల లెక్క మాత్రమే, జట్లుగా పోల్చింది కాదు. అందుకే ఇంకా బి.సి.జి. తీసుకోనివారిలో ఈ జంటనూ బి.సి.జి.నీ ఎదురెదురుగా పెట్టి 870 మందిని చేర్చుకోవాలన్న లెక్కతో 2022లో బ్రిడ్జ్ అనే పెద్ద పరీక్ష అమెరికాలో మొదలుపెట్టారు. ఏ కంపెనీకీ పెద్దగా లాభం లేని పరీక్ష కనుక ప్రభుత్వ సొమ్ముతో నడిపించవలసి వచ్చింది. మీలో ఎవరి ఇంట్లోనైనా బి.సి.జి. పనిచేయలేదని చెప్పిన కేసు వుంటే, ఆపరేషనుకు ఒప్పుకునే ముందు గాని, అప్పు చేసి ఖరీదైన మందు తెప్పించే ముందు గాని, ఈ రెండు మందుల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళి మీ డాక్టరును అడగండి. పేర్లు సభ అయిన తరువాత నా దగ్గర రాయించుకోవచ్చు.

వస్సలాం.